53 ఓముల ఇస్త్రీపెట్టె

ఇస్త్రీపెట్టె వేడెక్కడం లేదని తెస్తే మంచి మెకానిక్కు వెంటనే స్క్రూలు విప్పడు. నాబు తిప్పి, ప్లగ్గు పిన్నుల మీద మీటరు పెడతాడు. 1000 వాట్ల పెట్టె 230 వోల్టుల దగ్గర సుమారు 4.35 ఆంపియర్లు లాగాలి. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే 53 ఓములు. మీటరు ఆ దరిదాపుల్లో చూపితే కాయిల్ క్షేమం.

ఓమ్ 1827లో చెప్పిన సూత్రమే ఇది.

వోల్టేజీ 180కి పడిపోతే అదే కాయిల్ 3.4 ఆంపియర్లే లాగుతుంది. రెండూ గుణిస్తే 612 వాట్లు. తప్పు పెట్టెది కాదు, లైనుది! ఆ మాట చెప్పి, పైసా తీసుకోకుండా పంపేవాడే అసలైన పనివాడు.

పాత 100 వాట్ల బల్బు మాత్రం కొత్తవాణ్ణి బోల్తా కొట్టిస్తుంది. లెక్కకు 529 ఓములు రావాలి. చల్లగా ఉన్నప్పుడు మీటరు అందులో పదో వంతు కూడా చూపదు. టంగ్‌స్టన్ తీగకు ఆ నిరోధం వెలిగాకే వస్తుంది.