పనిముట్లు ముందు, పెట్టె తరవాత

1796 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని చాథమ్ పట్టణంలో జోసెఫ్ సీటన్ తన కొడుకు బెంజమిన్‌కు వడ్రంగానికి కావలసిన పనిముట్లన్నీ ఒక్క విడతలో కొనిచ్చాడు. లండన్‌లో పేరున్న క్రిస్టఫర్ గాబ్రియేల్ దుకాణం సరుకు అది. బెంజమిన్ వాటిని ముందు పెట్టుకొని, వాటి కోసమే ఒక పెట్టె చేయడానికి పూనుకున్నాడు. 1797 ఏప్రిల్ నాటికి పూర్తిచేశాడు. ఆ పెట్టె, పనిముట్ల జాబితాతో సహా, ఇప్పుడు కెంట్ ప్రాంతంలోని రోచెస్టర్ గిల్డ్‌హాల్ మ్యూజియంలో ఉంది.

ఇందులో గమనించాల్సింది వరస. పనిముట్లు ముందొచ్చాయి, వాటి కొలతలకు పెట్టె తరవాతొచ్చింది. మనం చేసేది చాలాసార్లు తలకిందులు. బజారులో నచ్చిన పెట్టె కొంటాం, ఉన్న సామానంతా అందులో కుక్కుతాం. కుక్కగా మిగిలింది పెట్టె మీద పేరుకుంటుంది. ఆ పై చోటును సరిచేయడానికి పుట్టిందే పెట్టె మీద నిలబెట్టే అల్మరా. అమెరికా వర్క్‌షాపుల్లో దాన్ని హచ్ అంటారు. కొన్నవాళ్లకంటే సొంతంగా చేసుకున్నవాళ్లకే అది ఎక్కువ అక్కరకు వస్తుంది. ఎందుకో దాని తయారీలోనే తెలుస్తుంది.

పెట్టె నుంచి గోడకు

పాత ఇంగ్లీషు వడ్రంగి పెట్టె బయటికి సాదాగా ఉండేది, ముదురు రంగు పూత తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. పనితనమంతా మూత తీస్తేనే బయటపడేది. మూలలను డవ్‌టైల్ కుసులతో కలిపేవారు. ఈ కుసికి కొస వెడల్పు, మొదలు సన్నం, అందుకే నిలువుగా లాగితే ఊడిరాదు. మెత్తటి కర్రకు ఆరుకు ఒకటి, గట్టి కర్రకు ఎనిమిదికి ఒకటి చొప్పున దాని వాలు గీసుకోవడం ఆనవాయితీ. పెట్టె అడుగున చుట్టూ బిగించే పట్టీకి మాత్రం కుసులను రెండో దిక్కుకు తిప్పేవారు. పెట్టె మూల ఒక దిక్కున విచ్చుకోబోతే పట్టీ మూల అడ్డుపడి ఆపుతుంది. లోపల ముందుకూ వెనక్కూ జారే అరలుండేవి. ఒక్కో అర పెట్టె లోపలి వెడల్పులో దాదాపు సగమే ఉండటంతో, ఒక్క తోపుకు అడుగున ఉన్న చిత్రికలు చేతికందేవి.

ఆ పెట్టె నేలమీద ఉండేది, అవసరమైతే బండెక్కేది. ఒకేచోట స్థిరపడ్డ పనివాడికి గోడ దొరికింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో పియానోల పని చేసిన హెన్రీ స్టడ్లీ (1838–1925) అల్మరా ఈ మలుపుకు శిఖరం. మూసి ఉంటే సుమారు 40 అంగుళాల ఎత్తు, 20 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల లోతు. ఆ కొద్ది చోటులో సుమారు రెండు వందల యాభై పనిముట్లు. మహాగని, రోజ్‌వుడ్, ఎబొనీ కర్రల మీద దంతం, ముత్యపు చిప్ప పొదిగాడు. దాన్ని చూసి మన కన్ను ఆ పొదుగుడు దగ్గరే ఆగిపోతుంది. కానీ నేర్చుకోవాల్సింది పొరల దగ్గర. ఒక పలక తిప్పితే వెనక రెండో వరస, దాని వెనక ఇంకో వరస. ప్రతి పనిముట్టుకూ దాని ఆకారానికే తొలిచిన పట్టు. దేన్ని తీసినా పక్కదాన్ని కదపనక్కర్లేదు.

లోహపు పనివాళ్ల దారి కొంచెం వేరు. ఒహాయో రాష్ట్రం డేటన్‌లో 1906లో మొదలైన గెర్స్ట్‌నర్ సంస్థ ఓక్ కర్రతో సన్నటి సొరుగుల పెట్టెలు చేసింది. కొలత పరికరాలకు గీత పడకుండా సొరుగుల్లో ఫెల్టు పరిచేది. తరవాత రేకు పెట్టెలు, కింద చక్రాలు వచ్చాయి. సొరుగులతో చిక్కేమిటంటే, మూస్తే లోపల ఏముందో కనబడదు. తీసిన పనిముట్టు తిరిగి సొరుగులోకి వెళ్లడానికి బద్ధకిస్తుంది, పెట్టె మీదే మకాం వేస్తుంది. పై అల్మరా ఈ రెండు సంప్రదాయాలనూ కలుపుతుంది. కింద సొరుగులు, పైన స్టడ్లీ గోడ.

కట్టే పద్ధతి

మొదటి పని కొలవడం కాదు, పరచడం. అల్మరా వీపు పలక ఎంత వస్తుందో అంత కాగితం నేలమీద వేసి పనిముట్లను దాని మీద సర్దాలి. మోచేతి ఎత్తు నుంచి కంటి ఎత్తు దాకా ఉన్న మేర అన్నిటికన్నా విలువైన చోటు. రోజూ వాడే ఉలులు, మూలమట్టం, సుత్తి అక్కడ. బరువైన చిత్రికలు కింద. ఏడాదికోసారి పనిపడేవి తల పైన. ఏ రెండు పనిముట్ల మధ్యైనా వేలు దూరేంత సందు వదలాలి. చేయి తిరిగే దారిని మరచి బొమ్మలా అమరిస్తే ఫొటోకు అందంగా ఉంటుంది, పనికి అడ్డొస్తుంది.

కింది పెట్టె లోతు 18 అంగుళాలనుకుంటే పై అల్మరాకు 9, 10 అంగుళాలు చాలు. ముందు మిగిలే చోటులో చేస్తున్న పని తాలూకు సామాను నిలుస్తుంది. కింది పెట్టెకు పైకి లేచే మూత ఉంటే రెండే దారులు: మూత లేవడానికి చోటు వదిలి అల్మరాను పక్క కాళ్ల మీద ఎత్తడం, లేదా దాన్ని పూర్తిగా గోడకే బిగించి పెట్టెను స్వేచ్ఛగా కదలనివ్వడం. పెట్టెకు చక్రాలుంటే రెండోదే మేలు. అల్మరా పెట్టెమీదే కూర్చుంటే దాని బరువంతా ఎత్తున చేరుతుంది. నిండు సొరుగులు రెండు ఒకేసారి లాగితే భారం ముందుకు జరిగి మొత్తం బోర్లా పడొచ్చు. అలాంటప్పుడు గోడకు కోణపు పట్టీలతో కట్టేయడం, బరువైనవి అడుగు సొరుగులో పెట్టడం తప్పనిసరి.

అల్మరా డబ్బాకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరిపోతుంది. మన దగ్గర బజారులో ఐఎస్ 303 ముద్ర ఉన్నది మామూలు వాడకానికి, ఐఎస్ 710 ముద్ర ఉన్నది తడిని తట్టుకునే మెరైన్ రకం. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లలో రెండోదానికి పెట్టే డబ్బు వృథా కాదు. అరలు కూర్చునేందుకు పక్క పలకల్లో మందంలో మూడోవంతు, అంటే 6 మిల్లీమీటర్ల లోతు గాడి తీస్తే చాలు. బరువును మేకులు కాదు, గాడి అంచు మోస్తుంది. టేకు వంటి ఘన చెక్కతో చేస్తే డవ్‌టైల్ కుసులను నిలువు పలకల చివర కోయాలి. గోడకు వేలాడే అల్మరా అడుగు పలకను బరువు కిందికి లాగుతుంది. కుసులు ఆ దిక్కునే పట్టి ఉంచుతాయి. ఘన చెక్క వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంచించుకుంటుంది కాబట్టి తలుపు చట్రంలో పలకకు జిగురు పెట్టకూడదు. గాడిలో వదులుగా కూర్చోనివ్వాలి.

గోడకు తగిలించడానికి 45 డిగ్రీల వాలున కోసిన రెండు పట్టీలు చాలు. గోడమీది పట్టీ వాలు గోడవైపు దిగుతుంది, అల్మరా వీపుకున్న పట్టీ దాని వెనక్కి జారి కూర్చుంటుంది. బరువు పెరిగేకొద్దీ అల్మరా గోడకు మరింత హత్తుకుంటుంది. ఇదే ఉపాయం లోపల పనిముట్ల పట్లకూ పనికొస్తుంది. ఉలులకు గాళ్ల పట్టీ, అంచు ఎవరికీ తగలకుండా ముందు చిన్న అడ్డు. చిత్రికలకు వెనక్కి వాలిన అర. రంపాలకు పిడి కన్నంలో దూరే దిమ్మె, దాని మీద తిరిగే చిన్న బిళ్ల. అయస్కాంతపు పట్టీ సులువే కానీ ఇనుముకు ఆ గుణం అంటుకుంటే రజను అంతా దానికే పడుతుంది. మధ్య పలచటి చెక్క ముక్క పెట్టడం మంచిది.

తలుపులు పెడితే దుమ్ము రాదు, తలుపుల లోపలి వైపు కూడా చోటే అవుతుంది. అయితే పనిముట్లు మోసే తలుపుకు రెండు బందులు చాలవు. పైనుంచి కింది దాకా సాగే పియానో బందు వేయాలి. మూసిన తలుపు వెనక తుప్పు గురించి పాత అమెరికన్ మెషినిస్టుల అలవాటు ఒకటి మనకు కొత్తగా అనిపించదు. పెట్టెలో కర్పూరం బిళ్ల వేసేవారు. అది ఆవిరై ఇనుము మీద పలచగా పట్టి చెమ్మను ఆపుతుందని వాళ్ల నమ్మకం. నూనె గుడ్డతో తుడవడానికి అది బదులు కాదు, తోడు మాత్రమే.

ఖాళీ చెప్పే మాట

ఇంత శ్రమ దేనికి? చేయి వెతకడం మానడానికి. పోపుల పెట్టెలో ఆవాలకోసం ఇల్లాలు కళ్లు తిప్పదు. స్టవ్ మీద నూనె కాగుతుండగా వెతికే తీరిక ఉండదు. జిగురు ఆరిపోతున్నప్పుడు బిగింపు కోసం చేయి చాచే వడ్రంగి అవసరమూ అంతే.

రెండో లాభం ఇంకా పెద్దది. ఆకారానికి తొలిచిన పట్టులో పనిముట్టు లేకపోతే ఆ లేమి కంటికి కనబడుతుంది. విమాన మరమ్మతు షెడ్లు ఈ సూత్రాన్నే నిబంధనగా మార్చాయి. ప్రతి పనిముట్టుకూ రెండు రంగుల ఫోమ్‌లో దాని ఆకారపు గుంట ఉంటుంది. ఖాళీగా ఉంటే అడుగు రంగు మెరుస్తుంది. లెక్క తేలేదాకా విమానం కదలకూడదు, ఇంజన్‌లో మరచిన ఒక్క స్పానరు ప్రాణాల మీదికి తెస్తుంది. సొరుగుకు ఈ మాట చెప్పడం చేతకాదు. అన్నిటినీ ఒక్క చూపులో చూపే అల్మరాకే చేతనవుతుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు పేర్లు తెలియకముందే చోట్లు నేర్చుకుంటాడు. సాయంత్రం సర్దడం అతనికి వేరే చెప్పనక్కర్లేదు.

అయితే పని మారుతుంది, పనిముట్లూ మారతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు అల్మరా డబ్బాకు జిగురు పెడతారు, పట్లకు స్క్రూలు మాత్రమే వేస్తారు. మొదటి రోజే పావు వంతు ఖాళీ వదులుతారు. మన వడ్రంగులు ఇంటింటికీ తిరిగి చేసే పనికి గోనెసంచీయే తగిన పెట్టె. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ షెడ్డు వేసుకొని ఒకచోట కూర్చున్నవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. వాళ్లకు ఏడాదికోసారి దసరా ఆయుధ పూజ ఉండనే ఉంది. పనిముట్లన్నీ ఎలాగూ కిందికి దిగుతాయి, శుభ్రపడతాయి, పసుపు కుంకుమ పడుతుంది. తిరిగి ఎక్కించే ముందు ఒక్క లెక్క చూసుకుంటే చాలు. ఏడాదంతా కదలనిది కింది సొరుగులోకి, ఏడాదంతా బల్ల మీదే దొర్లినది పై అల్మరాలోకి. ఆ మార్పుకు స్క్రూడ్రైవరు తప్ప ఇంకేమీ అక్కర్లేకపోతే, అల్మరా సరిగ్గా కట్టినట్టే.