దిద్దే చెయ్యి

సింబాతో లిఫ్టు ఎక్కితే లోపలున్నవాళ్లు గోడకు అతుక్కుపోయేవారు. కరుస్తుందని కాదు, మీదికెక్కుతుందని. రెండేళ్ల ల్యాబ్రడార్, ముప్పై కిలోలకు పైమాటే. ఎవరు కనబడినా ముందుకాళ్లెత్తి వాళ్ల ఛాతీ మీద పెట్టేది. ‘నో, నో, డౌన్’ అంటూ ఇంట్లో నలుగురం నాలుగు వైపుల నుంచి అరిచేవాళ్లం, రెండు చేతులతో కిందికి తోసేవాళ్లం. తోసినకొద్దీ దాని తోక మరింత జోరుగా ఆడేది.

అలాంటి రోజుల్లో ఆయన వచ్చారు. పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు పొద్దున్నే హైదరాబాద్ కాలనీలు తిరిగి పెంపుడు కుక్కలకు ట్రైనింగ్ ఇస్తుంటారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి ఆయన పనితనం గురించే రాస్తాను.

మొదటి రోజు ఆయన సింబాను ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని ఇల్లంతా చూశారు. ప్రశ్నలన్నీ మాకే. ‘ఎన్నింటికి తింటది సార్? ఎక్కడ పండుకుంటది? డైనింగ్ టేబుల్ కాడ దీనికి ఎవరు పెడ్తరు?’ మూడో ప్రశ్నకు అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ ఫ్యాన్ వైపు చూసింది. రోజూ పెరుగన్నం ముద్ద ఒకటి టేబుల్ కిందికి జారుతున్న సంగతి అలా బయటపడింది.

తర్వాత ఆయన చెప్పిన షరతులు కుక్కకు కావు, ఇంటికి. తిండి రెండు పూటలా వేళకు పెట్టాలి, పావుగంట తర్వాత గిన్నె తీసేయాలి. హాల్లో ఒక మూల చాప వేయాలి, అది దాని చోటు. పొద్దున, సాయంత్రం నడక తప్పకూడదు. నీటిపక్షులను వేటాడే మనుషుల కోసం, పడ్డ పిట్టను నోట కరుచుకుని తెచ్చే పనికి తీర్చిదిద్దిన జాతి ఇది. ఆ నోటికి పని లేకపోతే చెప్పులు పని అవుతాయి. అందుకే నడకలో దానికి మోయడానికి ఒక తాడుముక్క ఇచ్చారు. ఆ వారంలోనే చెప్పుల గొడవ సగం తగ్గింది. అప్పటికింకా ఒక్క దెబ్బ లేదు, ఒక్క కసురు లేదు.

అసలు పనితనం లీషు పట్టినప్పుడు కనబడింది. ఆరడుగుల నూలు పట్టీ, మామూలు బెల్టు కాలర్. బిగుసుకునే గొలుసులు గొంతుకు ప్రమాదమని ఆయన వాడరు. కుక్క ఎడమ పక్కన, లీషు కొస కుడిచేతిలో, మధ్యలో పట్టీ ఉయ్యాల తాడులా వంపు తిరిగి వేలాడుతుంది. ఆయన చూపంతా ఆ వంపు మీదే. సింబా ముందుకు దూకబోతే ముందు దాని భుజం కదులుతుంది, ఆ తర్వాతే వంపు తిన్నగా అవుతుంది. దాని భుజం కదిలినప్పుడే ఆయన వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టేవారు. ఒక్కోసారి మాత్రం మణికట్టుతో చిన్న కుదుపు. తడి చేతిని విదిలించినంత, అంతే. కుదిపిన మరుక్షణం వంపు మళ్లీ వంపులా ఉండేది. సింబా తల తిప్పి చూడగానే ‘శభాష్’, జేబులోంచి ఉడికించిన చికెన్ ముక్క. గంటసేపట్లో కుదుపులు లెక్కపెట్టాను, నాలుగు. శభాష్‌ల లెక్క మధ్యలోనే తప్పింది.

‘గట్టిగ గుంజుడు కాదు సార్, టైముకు చెప్పుడు’ అన్నారు. మేం చేసిన తప్పు అప్పుడు అర్థమైంది. సింబా ఎగిరి, దిగి, కూర్చున్నాక మా తిట్టు దానికి చేరేది. అంటే కూర్చున్నందుకు తిట్టినట్టు. ఎగిరినప్పుడు చేతులతో తోయడం దానికి ఆట. పని చేసిన వెంటనే సంతోషం దొరికితే జంతువు ఆ పని మళ్లీ చేస్తుందని మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1898లోనే పెట్టెల్లో పిల్లులను ఉంచి చూపించాడు. మా తోపులాట సింబాకు శిక్ష కాదు, ఫీజు లేని ట్యూషన్.

తెలుగులో దిద్దడం అనే మాట రెండు పనులకు వాడతాం. తప్పును సరిచేయడం ఒకటి. పలక మీద పంతులు రాసిన అక్షరం మీదే పిల్లవాడి చెయ్యి పట్టుకుని బలపం తిప్పించడం రెండోది. కుక్క దగ్గర మనకు మొదటిదే గుర్తొస్తుంది. ఈయన రెండోది చేస్తున్నారు. ‘వద్దు’ అని ఊరుకోరు, ఆ చోట ఏం చేయాలో వెంటనే చేయించి చూపిస్తారు. ఎగిరే అలవాటుకు వాచ్‌మన్‌నే చుట్టంగా నిలబెట్టారు. లీషు మీద తన కాలు వేశారు. కుక్క హాయిగా నిలబడగలిగేంత, కూర్చోగలిగేంత వదులు ఉంది, ఎగరడానికి చాలదు. సింబా రెండుసార్లు ప్రయత్నించి విసిగి కూర్చుంది. పిర్రలు నేలకు తగిలాయో లేదో, ముక్క నోటి దగ్గరుంది. అరుపు లేదు, తోపు లేదు. ఇంటి తలుపు దగ్గరా అదే పద్ధతి. గడియ తీస్తారు, కుక్క దూసుకొస్తే మూసేస్తారు, కూర్చుంటే తెరుస్తారు. మొదటి రోజు తొమ్మిది సార్లు మూశారు. వారం తిరిగేసరికి ఒక్కసారి సరిపోయింది.

1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’లో గురజాడ ‘దిద్దుబాటు’ కథ వచ్చింది. అదే ఏడు జర్మనీలో పోలీసు అధికారి కోన్రాడ్ మోస్ట్ కుక్కల శిక్షణపై తన పుస్తకం అచ్చు వేశాడు. మెప్పుకూ దండనకూ వేళ ముఖ్యమని మోస్ట్‌కు బాగా తెలుసు గానీ, పద్ధతిలో బలప్రయోగం పాలు ఎక్కువ. గురజాడ కథలోని కమలిని అంత దూరం పోలేదు. సానివాళ్ల పాటలు మరిగిన భర్తను తిట్టలేదు, కొట్టలేదు. ఇంటికొచ్చేసరికి ఉత్తరం పెట్టి కనబడకుండా పోయింది. భర్త తప్పు తెలిసొచ్చిందనగానే మంచం కింద నుంచి నవ్వింది. ఆ నవ్వుతో దిద్దుబాటు అయిపోయింది, మర్నాటికి మిగలలేదు. మా హ్యాండ్లర్ చేతిలో లీషు వదులవడమూ అలాంటిదే. కుదుపు మొదలవడం కంటే ఆగడంలోనే పాఠం ఎక్కువ.

మా బ్లాకులో ఒకాయన, కుక్కను వెల్లకిలా పడేసి పట్టుకుంటే నువ్వే లీడరని తెలుస్తుందన్నారు. ఈ సలహా వెనక తోడేళ్ల కథ ఉంది. రుడాల్ఫ్ షెంకెల్ 1947లో జూలో బంధించిన తోడేళ్ల పోట్లాటలు గమనించి పెత్తనం గురించి రాశాడు. డేవిడ్ మీచ్ 1970 నాటి పుస్తకంతో ఆ ఊహ జనంలోకి వెళ్లింది. 1999లో ఆ మీచే, అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లీతండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమని స్పష్టంగా రాశాడు. 1978లో తమ కుక్కల శిక్షణ పుస్తకంలో ఈ పడేసే పద్ధతిని చెప్పిన అమెరికాలోని న్యూ స్కీట్ మఠం సన్యాసులు కూడా 2002 నాటి కొత్త కూర్పులో దాన్ని వదిలేశారు. ఇదంతా చెబితే హ్యాండ్లర్ నవ్వారు. ‘మనం కుక్కలం కాదని కుక్కకు తెల్సు సార్.’

పనివాడి నేర్పు ఎక్కడ చెయ్యి వేయడో అక్కడా తెలుస్తుంది. కుక్క గుర్రుమంటే ఆయన దిద్దరు. అది హెచ్చరిక, దాన్ని నొక్కేస్తే చెప్పకుండా కరిచే కుక్క తయారవుతుంది. దీపావళి టపాసులకు మంచం కింద దూరితే లాగరు. పిలిస్తే ఆలస్యంగా వచ్చినా తిట్టరు, తిడితే రావడమే తప్పని నేర్చుకుంటుందట. కరెంటు షాకిచ్చే కాలర్ మాట ఎత్తితే చాయ్ కప్పు కింద పెట్టేశారు. ఆయన చిన్న కుదుపు కూడా అక్కర్లేదనే వాళ్లున్నారు. జంతువుల ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో బహుమతి పద్ధతులే చాలని చెప్పింది. ఆ మాట చెబితే ఆయన వాదించలేదు. ‘నాకు కూడ ఏడాదికేడాది కుదుపులు తగ్గుతున్నయి’ అన్నారు.

రెండో వారం లీషు నా చేతికిచ్చారు. ఎదురుగా ఇంకో కుక్క కనబడగానే నేను పట్టీని మణికట్టుకు చుట్టి బిగించాను. సింబా కూడా బిగుసుకుంది. నా మణికట్టు మీద ఒక వేలు తగిలింది, అంతే. వదిలాను. ‘ఆ... గట్లనే సార్.’ చికెన్ ముక్క ఒక్కటే తక్కువ.

చివరి రోజు ఫ్రిజ్ మీద అతికించిన కాగితం చూశారు. ఇంట్లో అందరం ఒకే పనికి ఒకే మాట వాడాలని ఆయనే రాయించారు: సిట్, డౌన్, స్టే. మేం ముగ్గురం వాడుతున్నాం. అమ్మ మాత్రం సోఫా ఎక్కిన సింబాను ‘దిగు నాయనా’ అనే అంటోంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆయన పెన్ను తీసి ‘డౌన్’ కొట్టేసి, దాని పక్కన ‘దిగు’ అని రాశారు.

‘పెద్దమ్మను మార్చుడు కష్టం సార్’ అన్నారు చెప్పులు వేసుకుంటూ. ‘కుక్క నేర్చుకుంటది. మీరు కూడ నేర్చుకోండ్రి.’