ఐరోపా మతవిభజన – కోయల నేల: ఒక విమర్శనాత్మక పరిశీలన

సంఘచరిత్ర తరగతులలోను, సంస్కరణ దినపు ప్రసంగములలోను ఒక మాట తరచుగా వినబడుతున్నది. కథోలిక స్పెయిను ఖడ్గము పట్టుకొని వెళ్లినది, ప్రొటెస్టెంట్ ఇంగ్లండు బైబిలు పట్టుకొని వచ్చినది అని. ఈ మాట వినసొంపుగా ఉన్నది, బోధకునికి చెప్పుటకు సులువుగానూ ఉన్నది. అయితే అశ్వారావుపేట అడవి సరిహద్దున నిలబడి చూచినప్పుడు ఇది ఎంతవరకు నిలుస్తుంది? ఈ వ్యాసములో మేము పరిశీలించదలచిన ప్రశ్న ఇదే.

మొదట ఈ మాట ఎక్కడ పుట్టినదో చూడాలి. 1552లో డొమినికన్ సన్యాసి, చియాపాస్ బిషప్పుగా పనిచేసిన బార్తొలొమే దె లాస్ కాసాస్, అమెరికా ఖండపు ఆదివాసులపై తన దేశస్థులు చేసిన హింసను వర్ణించే చిన్న గ్రంథమును ప్రచురించారు. అది స్పెయిను రాజకుటుంబమునకు చేసిన విన్నపము. కథోలికుడు కథోలికులతో పశ్చాత్తాపపడమని చెప్పిన మాట. 1578లో అది డచ్చి భాషలోకి, 1583లో ఇంగ్లీషులోకి వెళ్లినది. 1598లో ఫ్రాంక్‌ఫర్టులో దె బ్రీ కుటుంబము భయంకరమైన చిత్రములతో లాటిను ప్రతిని వేసినది. అప్పటికి స్పెయినుతో యుద్ధములో ఉన్న ప్రొటెస్టెంట్ దేశములకు అది ఆయుధమైనది. స్వజనుల ఎదుట చేసిన ఒప్పుకోలు శత్రువుపై నేరారోపణగా మారినది. పుస్తకములోని మాటలు దాదాపు అవే, చదివేవారు మాత్రము మారారు.

ఆ విధముగా చదివినవారు తాము ఏమి చేశారు? 1637లో న్యూ ఇంగ్లండు ప్యూరిటనులు మిస్టిక్ నది దగ్గర పీకాట్ ప్రజల కోట గ్రామమునకు నిప్పు పెట్టారు. స్త్రీలు, పిల్లలతో సహా వందలమంది చనిపోయారు. అదే ప్యూరిటను సమాజములో జాన్ ఎలియట్ అక్కడి ఆదివాసుల భాషలోకి బైబిలును తర్జుమా చేసి 1663లో పూర్తిగా అచ్చువేయించారు. అయినను 1675లో యుద్ధము రాగానే, అదే బైబిలు చదువుకున్న క్రైస్తవ ఆదివాసులను బోస్టను ఎదుటి డీర్ ద్వీపమునకు తరలించారు. ఆ చలికాలము ఆకలికి, చలికి అనేకులు మరణించారు. వాక్యము వారి భాషలో ఉన్నది గాని, అది వారి నేలను కాపాడలేదు.

ఇక్కడ జాన్ లాక్‌ను విడిచిపెట్టలేము. మతయుద్ధములతో విసిగిన ఐరోపాకు ఆయన 1689లో మతసహనము గురించి లేఖ వ్రాశారు. క్రైస్తవ రాజు క్రింద ఉన్న అమెరికా ఆదివాసి క్రీస్తును అంగీకరించలేదని అతని దేహమునకు, ఆస్తికి హాని చేయరాదని అందులో స్పష్టముగా చెప్పారు. గొప్ప మాటే. కాని దాదాపు అదే కాలములో వెలువడిన ఆయన రాజ్యపాలన గ్రంథములో, శ్రమపడి సాగుచేసినవానిదే భూమి అనే వాదన ఉన్నది. అమెరికాలోని అడవి భూములు ఆయన దృష్టిలో బీడు భూములు. విశ్వాసము విషయములో ఆదివాసికి స్వేచ్ఛ దొరికినది, భూమి విషయములో దొరకలేదు. మతవిభజన ఐరోపాకు నేర్పిన సహనము ఈ గీత దగ్గరనే ఆగిపోయినదని మా అభిప్రాయము.

ఈ గీత మన అడవుల వరకు వచ్చినది. 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటన ప్రజల మతవిశ్వాసములలో జోక్యము చేసుకోబోమని మాట ఇచ్చినది. 1860లో నిజాము నుండి భద్రాచలము ప్రాంతము బ్రిటిషువారి క్రిందికి వచ్చి, 1874లో మధ్య పరగణాల నుండి మద్రాసు గోదావరి జిల్లాకు మారినది. రేకపల్లిలో అంతకుముందు గొడ్డలికి నాలుగణాలు చెల్లించి పోడు చేసుకొనేవారు. మద్రాసు ప్రభుత్వము ఆ పన్నును సుమారు మూడింతలు చేసి, కొన్ని తావులలో పోడునే ఆపివేసినది. 1879లో రంప తిరుగుబాటు లేచినప్పుడు అది రేకపల్లికి కూడ ప్రాకుటకు ఇది ఒక కారణము. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. కోయవాని వేల్పుల జోలికి ఎవరూ పోలేదు. పోడు జోలికి పోయారు.

సరిహద్దుకు ఇవతల అశ్వారావుపేట నిజాము రాజ్యములో ఉన్నది. ఇక్కడ ప్రొటెస్టెంట్ రాణి లేదు, కథోలిక రాజు లేడు. 1940లలో హైమెండార్ఫ్ నిజాము రాజ్యపు గిరిజనుల గురించి వ్రాసిన నివేదికలలో కనబడేది అప్పులు, వెట్టి, చేజారిన భూములు. కనుక అంతా ఐరోపా మతకలహముల వలననే జరిగినదనే వాదన కూడ నిలువదు. రెవెన్యూ కచ్చేరీకి ఏ మతమైనను ఒక్కటే.

మరి మిషను సంగతి? 1860ల ఆరంభములో దుమ్ముగూడెములో గోదావరి నౌకాయాన పనులు చూస్తున్న ఇంజనీరు హేగ్ పూనికతో కోయల మధ్య పని మొదలైనది. ఆ పనులలో ఉద్యోగిగా ఉండి విశ్వాసియైన వెంకటరామరాజు గారు తరువాత గురువుగా అభిషేకము పొంది కోయలకే తన జీవితమును ఇచ్చారు. మన సంఘచరిత్రలలో ఆయన పేరు రావలసినంతగా రావడము లేదు. 1871లో నౌకాయాన పనులు ఆగిపోయినను చర్చ్ మిషనెరీ సొసైటీ పని ఆగలేదు. అక్కడి మిషనెరీ జాన్ కెయిన్ 1876–1881 మధ్య 'ఇండియన్ ఆంటిక్వెరీ'లో భద్రాచలము, రేకపల్లి తాలూకాల గురించి వ్రాసిన వ్యాసములు విలువైనవి. 1909లో థర్‌స్టన్ కోయల గురించి వ్రాసినప్పుడు వాటిని బాగా వాడుకున్నారు. పెండ్లి, చావు, పండుగ, పుట్టుపూర్వోత్తరముల కథలు, అన్నింటిని కెయిన్ దగ్గరనుండి చూచారు. ఆ వ్యాసములలో ఖడ్గము లేదు, బలవంతము లేదు. అయితే అవి వెలువడుతున్న సంవత్సరములలోనే రేకపల్లి మండుతున్నదని గుర్తుంచుకొని వాటిని చదవాలి.

చోటానాగపూరుతో పోల్చితే విషయము ఇంకొంత తేటపడుతుంది. అక్కడ 1845 నుండి గోస్నర్ లూథరనులు ఉన్నారు. భూమి కొరకు ముండా సర్దారులు చేసిన పోరాటములో మిషను తమ వెంట నిలువలేదని వారు నిరాశపడ్డారు. 1885లో వచ్చిన బెల్జియం జెస్యూటు కాన్‌స్టంట్ లీవెన్స్ వారి భూమి వ్యాజ్యములకు కోర్టులలో సహాయపడ్డారు. వేలమంది కథోలికులైరి. 1908 చోటానాగపూరు కౌలు చట్టము వెనుక హాఫ్‌మన్ అనే మరొక జెస్యూటు కృషి ఉన్నది. ఇక్కడ రెండు శాఖల పోటీయే భూమి ప్రశ్నను మిషను గుమ్మములోకి తెచ్చినది. ఇది మాకు కొంత ఇబ్బందికరమైన సంగతి. విభజన పాపమని బోధించే మనము, ఆ విభజన వలన ముండాలకు ఒక వకీలు దొరికినాడని ఒప్పుకొనవలసి వస్తున్నది. అయితే పోరాటము ముండాలదే, మిషనెరీలు వచ్చి చేరినవారు మాత్రమే.

తెలుగు దేశములో ప్రొటెస్టెంట్ మిషనులు క్షేత్రములను పంచుకున్నాయి. గుంటూరు, రాజమండ్రి లూథరనులకు, ఒంగోలు అమెరికను బాప్టిస్టులకు, కాకినాడ కెనేడియను బాప్టిస్టులకు, నర్సాపురము బ్రదరెన్‌కు, మెదకు వెస్లియనులకు, దుమ్ముగూడెము సి.ఎం.ఎస్.కు. కలహము తగ్గినది, నిజమే. కాని కోయవాడు ఏ శాఖవాడు కావాలో లండనులో నిర్ణయమైనది. 1912లో డోర్నకల్ బిషప్పైన అజరయ్య గారు 1927లో లోజానులో ఐరోపా సంఘముల ఎదుట నిలిచి, మీ విభజనలు మాకు ఆటంకమని చెప్పడములో ఈ అనుభవమే ఉన్నది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. అప్పటికి ఆయన లేరు, 1945 జనవరి 1న మరణించారు. ఆ ఐక్యతకు పూర్వము జరిగిన సుదీర్ఘ చర్చలలో బిషప్పు పదవి, అభిషేకము, సంస్కారములు ప్రధానమైనవి. పోడు ఆ చర్చలలోని అంశము కాదు.

2022 నవంబరులో అశ్వారావుపేట నియోజకవర్గములోనే ఉన్న చంద్రుగొండ మండలములో పోడు భూమిలో నాటిన మొక్కల విషయమై గొడవ జరిగి అటవీ అధికారి ఒకరు హత్యకు గురయ్యారు. ఆ హత్యను ఏ విధముగానూ సమర్థించలేము. 2023 జూనులో తెలంగాణ ప్రభుత్వము పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టినది. ఛత్తీస్‌గఢ్ నుండి వలసవచ్చిన గుత్తికోయలకు ఇక్కడ ఎస్టీ గుర్తింపు లేదు. వారి గూడెములకు వెళ్లే సేవకులు పట్టా మాట వచ్చినప్పుడు ఏమి చెబుతున్నారు? పరిశోధక విద్యార్థులు దీనిపై పని చేయవచ్చును. బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయములో భద్రపరచిన సి.ఎం.ఎస్. పత్రములను, గోదావరి ఏజెన్సీ అటవీ రికార్డులను ప్రక్క ప్రక్కన పెట్టి 1874 నుండి 1882 వరకు సంవత్సరము తరువాత సంవత్సరము చదివితే చాలును.