వెనక పేజీల నుంచి

బిల్లు కాగితాలు చేతికొస్తే నేను ముందు వెనక పేజీలు తిప్పుతాను. చట్టం పేరు, నిర్వచనాలు ఎక్కడికీ పోవు. చివర్లో ఉద్దేశాలు, కారణాల ప్రకటన ఉంటుంది. ఈ చట్టం ఎందుకు కావలసి వచ్చిందో సర్కారు తన నోటితో చెప్పుకునే చోటది. దానికి కాస్త ముందు నియమాలు చేసే అధికారం గురించిన సెక్షన్ ఉంటుంది. అసలు సరుకు అక్కడే. ఫీజెంత, దరఖాస్తు ఎవరికివ్వాలి, ఎన్నాళ్లలో తేల్చాలి, ఇవన్నీ చాలాసార్లు బిల్లులో కనబడవు, నియమాలకు వదిలేస్తారు. ఆ నియమాలు సచివాలయంలో తయారై గెజిట్‌లో అచ్చవుతాయి. వాటిని పద్నాలుగు రోజులు సభ ముందు ఉంచాలని చాలా చట్టాల్లో రాసి ఉంటుంది. చదివేవాళ్లెందరన్నది వేరే ముచ్చట.

అసలు బిల్లే లేకుండా గెజిట్‌తోనే పనయ్యేవీ ఉన్నాయి. మన జిల్లాల సంగతే చూడండి. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను విడదీయడానికి సభలో బిల్లేమీ పెట్టలేదు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం గెజిట్ నోటిఫికేషన్ చాలు. కాకపోతే ముందు ముసాయిదా వేసి అభ్యంతరాలు అడగాలి. ఆగస్టు 22న ముసాయిదా వచ్చింది, ముప్పై రోజుల గడువిచ్చారు. అందులో సిరిసిల్ల జిల్లా లేదు, ఆసిఫాబాద్ జిల్లా లేదు. సిరిసిల్లలో ఆందోళనలు, బందులు నడిచాయి. దసరా నాడు, అక్టోబర్ 11న కొత్త జిల్లాలు మొదలైనప్పుడు రెండూ జాబితాలో ఉన్నాయి. హుస్నాబాద్ సిద్దిపేటలో కలిసింది, కమలాపూర్ వరంగల్ వైపు పోయింది.

ఆదిలాబాద్ ఏజెన్సీది ఇంకో దారి. వన్ ఆఫ్ సెవెంటీ అని మనం పిలిచేది సభలో పాసైన బిల్లు కానే కాదు. గిరిజనుల భూమి చేతులు మారకుండా ఐదో షెడ్యూల్ కింద గవర్నర్ తెచ్చిన రెగ్యులేషన్ అది, 1970 నాటి ఒకటో నంబరుది. ఉట్నూర్ వైపు బడి మొహం చూడనివాళ్లు కూడా ఆ నంబరు చెప్తారు. అసెంబ్లీ చేసిన ఏ చట్టం నంబరుకూ ఆ భాగ్యం దక్కలేదనుకుంటా.

ఇక భూమి చట్టాలు. భూమి రికార్డుల ధరణి పోర్టల్ వెనకున్న చట్టానికి 2020 సెప్టెంబర్ 9న బిల్లు పెట్టి, 11న అసెంబ్లీలో పాస్ చేశారు. భూభారతి బిల్లూ అంతే, 2024 డిసెంబర్ 18న సభకొచ్చి 20న గట్టెక్కింది. తేడా ఒక్కటే: దీని ముసాయిదాను ఆగస్టులోనే జనం ముందు పెట్టి సలహాలు అడిగారు. పట్టా పాసుబుక్కు మీద బతికే రైతుకు సభలో జరిగే చర్చ కన్నా ఆ ముసాయిదా గడువే విలువైందని నా లెక్క. బిల్లు సభ మెట్లెక్కాక కామా మార్పించడం కూడా కష్టమే.

కాబట్టి ఈసారి ముసాయిదా పడిందని పేపర్లో చూస్తే హోటల్ దగ్గర తిట్టుకుని ఊరుకోకండి. ఊరు, మండలం, సెక్షన్ నంబరు వేసి ఒక్క పేజీ రాయండి. గడువులోగా ముసాయిదాలో చెప్పిన చోట ఇచ్చి రసీదు తీసుకోండి.