నాచారం ల్యాబు నుంచి ఒక లింక్డ్‌ఇన్ పేజీ

మంచి పనితనం కంటబడితే నలుగురికీ చూపించాలనిపిస్తుంది. ఈసారి నేను చూపించబోయేది లింక్డ్‌ఇన్‌లో ఒక పేజీ. అది హైదరాబాదులోని నాచారం పారిశ్రామికవాడలో మందుల పరీక్షలు చేసే ఒక అనలిస్టుది. ఆమె ఉండేది ఉప్పల్‌లో. పేరూ కంపెనీ చెప్పను, పని చెబుతాను.

పేరు కింద మనమేమిటో చెప్పుకోవడానికి లింక్డ్‌ఇన్ 220 అక్షరాల చోటిస్తుంది. చాలామంది అక్కడ ‘డైనమిక్’, ‘ప్యాషనేట్’ లాంటి మాటలు కుక్కుతారు. వాటివల్ల ఒక మనిషికీ ఇంకో మనిషికీ తేడా తెలియదు. ఈమె రాసుకున్నది ఒక్కటే: హెచ్‌పీఎల్‌సీ పద్ధతులు తయారుచేస్తాను, మొరాయించినవాటిని దారికి తెస్తాను. ఉద్యోగమిచ్చేవాళ్లకు ఆమెను ఎందుకు పిలవాలో అక్కడే తెలిసిపోతుంది.

ఇక అసలు పనితనం పోస్టుల్లో ఉంది. నాకు బాగా నచ్చినది పీక్ టెయిలింగ్ గురించి రాసినది. హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో మందు కాలమ్ అనే గొట్టంలోంచి బయటికొచ్చేటప్పుడు దాని పీక్ గ్రాఫు మీద నిటారుగా లేచి అంతే తీరుగా దిగాలి. దిగేవైపు తోకలా సాగిందంటే లెక్క మీద నమ్మకం తగ్గుతుంది. రెండు వైపులా సమంగా ఉంటే టెయిలింగ్ ఫ్యాక్టర్ 1. అది 2 దాటితే చాలా పద్ధతుల్లో ఒప్పుకోరు. కాలమ్‌లోని సిలికా మీద మిగిలిన సిలనాల్ గుంపులు క్షారగుణం ఉన్న మందును పట్టుకుని లాగుతుంటే ఇలా అవుతుంది. మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రవం) పీహెచ్ 3 దగ్గరికి దించితే ఆ పట్టు సడలుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్నదే. అయితే ఆమె ముందు ఏం అనుమానించిందో, ఏది మార్చినా ఫలితం లేకపోయిందో, పీహెచ్ దాకా ఎలా వచ్చిందో వరసగా చెప్పింది. కింద పాత గ్రాఫు, కొత్త గ్రాఫు పెట్టింది. రెండూ ఒకే స్కేలులో ఉన్నాయి. స్కేలు కాస్త మారిస్తే కొత్తది ఇంకా అందంగా కనిపించేది. ఆమె ఆ పని చేయలేదు. నేను ఆ పేజీని నమ్మింది అక్కడే.

మందు పేరు లేదు, క్లయింటు ఊసు లేదు, గ్రాఫు మూలన బ్యాచ్ నంబరు కూడా లేదు. వేరే కంపెనీల కోసం పరీక్షలు చేసే కాంట్రాక్టు ల్యాబుల్లో గోప్యత చాలా గట్టిది. రహస్యాన్ని పక్కనపెట్టి అందులోని పాఠాన్ని మాత్రం బయటికి తేవడం కష్టమైన విద్య. దానికి తన పని తనకు క్షుణ్ణంగా తెలిసుండాలి.

ల్యాబులో రాయని పని చేయనట్టే లెక్క. నోట్‌బుక్‌లో తప్పు రాస్తే చెరిపేయకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. తన పోస్టులో ఒక సీనియర్ లోపం చూపిస్తే ఈమె అదే పద్ధతి పాటించింది. పాత వాక్యం అలాగే ఉంచి, కింద తేదీతో సవరణ రాసింది. స్వీయప్రచార పాఠాలు చెప్పేవాళ్లెవరూ నేర్పని మర్యాద ఇది.

మనిషి తన పేరునే బ్రాండుగా నిలబెట్టుకోవాలని 1997లో టామ్ పీటర్స్ అనే రచయిత ఒక అమెరికా పత్రికలో రాశాడు. అందుకు వీలిచ్చే లింక్డ్‌ఇన్ 2003లో మొదలైంది. మన ఊరి సంగతికొస్తే, ఉప్పల్ రోడ్డు మీది ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తల పేర్లు పరిశోధన పత్రాల మీద అచ్చవుతాయి. నాచారం ల్యాబుల్లో షిఫ్టులు చేసేవాళ్ల పేర్లు చాలావరకు బీరువాల్లోని రిజిస్టర్లలోనే ఉండిపోతాయి. కంపెనీల పేర్లూ మారతాయి: నాచారంలోని జీవీకే బయోసైన్సెస్ 2021లో అరాజెన్ అయింది. చేసిన పని మనిషి పేరు మీద నిలవాలంటే ఇలాంటి పేజీ ఒకటి కావాల్సిందే.

నాచారం, మల్లాపూర్, చర్లపల్లి ల్యాబుల్లో పనిచేస్తున్న పిల్లలకు నాదొక మనవి. ముందు మీ కంపెనీ గోప్యత నిబంధనలు శ్రద్ధగా చదవండి. తర్వాత ఈ నెలలో మీరు విప్పిన చిక్కు ఒక్కటి, విప్పిన వరసలోనే రాసి పెట్టండి.