పూతకు చలి, కాయకు ఎండ

గుంటూరు, పల్నాడు నల్లరేగడి చేలకు జూలై, ఆగస్టుల్లో మిరప నారు పోస్తారు. ఆరు వారాల నారు సెప్టెంబరు నాటికి చేలోకి వస్తుంది. ఈ లెక్క వానను బట్టి మాత్రమే వేసింది కాదు. మిరప ఎండల పంటని పేరేగానీ పూత దశలో ఎండకు ఓర్చుకోదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి, పూలు పిందె కట్టకుండానే రాలిపోతాయి. వేళకు నాటిన తోటకు చలికాలంలో పూత నిలుస్తుంది, కాయ ఎండే వేళకు ఎండలు ముదురుతాయి. నాటు వెనకబడితే ఆ రెండూ తారుమారవుతాయి.

నల్లరేగడికి తేమ పట్టి ఉంచే గుణముంది. ముసురు పట్టి సాళ్లలో నీరు నిలిస్తే మాత్రం వేళ్లకు గాలాడక మొక్క వడలిపోతుంది. బోదెల మీద నాటి, మురుగు కాలువలు ముందే తీసుకోవాలి.

ఇక ముడత. ఆకు అంచులు పైకి లేచి పడవలా కనబడితే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పురుగుమందులన్నీ నల్లిని చంపవు కాబట్టి, ఆకు తిప్పి చూడకుండా కొట్టిన మందు చాలాసార్లు డబ్బు దండగే. 2021-22లో నల్ల తామరపురుగు పూలలో చేరి రసం పీల్చేయడంతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎందరో రైతులు తోటలు పీకేశారు. మందు మీద మందు కొడితే పురుగును తినే మిత్రపురుగులూ పోతాయి. నీలిరంగు జిగురు అట్టలు పెట్టి ఉద్ధృతిని ముందే కనిపెట్టడం మేలు.

కోత జనవరి నుంచి ఏప్రిల్ దాకా విడతలుగా సాగుతుంది. ధర తేలేది కళ్లంలోనే. ఉత్త నేల మీద పోస్తే చెమ్మకు బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదముంది. శుభ్రమైన పట్టా మీద పలచగా పోసి, తరచూ తిరగేసి, పొద్దుగూకగానే రాశి చేసి మంచు పడకుండా కప్పాలి. బాగా ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమంటాయి. కాయ విరగకూడదనో, తూకం పెరగాలనో బస్తాకెత్తే ముందు నీళ్లు చల్లడం ఆర్నెల్ల కష్టాన్ని బూజుకు అప్పగించడమే. తెల్లమచ్చలు పడిన తాలుకాయను ఏరి వేరే బస్తాల్లో నింపుతారు, దానికి ధర చాలా తక్కువ. ఎర్రకాయ టిక్కీలు, అంటే బస్తాలు, మార్కెట్ యార్డుకు వెళతాయి. ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీకి చేరుస్తారు. చల్లదనంలో రంగు నెలల తరబడి నిలుస్తుంది.