మగ్గబెట్టే చేయి

దసరా దగ్గరపడేసరికి అనంతగిరి గుట్టల సీతాఫలాలు వికారాబాద్ రోడ్ల పక్కకు దిగుతాయి. గంప ముందు కూర్చున్న ఆడవాళ్ళు ఏ కాయ ఎప్పటికి తినాలో చెప్పి మరీ ఇస్తారు: "గివి రేపటికైతయి సారూ, గవి ఎల్లుండికి." ఆ చూపు అంటే నాకెంతో గౌరవం. కాయ కళ్ళ మధ్య సందులు విచ్చుకొని లేత పసుపు తిరిగితేనే కోయాలి. ముందే తెంపితే గడ్డిలో ఎన్నాళ్ళుంచినా నల్లబడుతుందే గాని తీపెక్కదు. కళ్ళు తెరిచిన కాయకు వరిగడ్డి పరిచిన గంపలో రెండు మూడు రోజులు చాలు. కాయలు వదిలే ఇథిలీన్ గంపలోనే నిలిచి పక్కవాటినీ పండిస్తుంది. చట్టం నిషేధించిన కార్బైడ్‌తో పనే లేదు.

ఈ విద్యే అవకాడోకూ కావాలి. అది చెట్టు మీద మెత్తబడదు, కోశాకే పండుతుంది. హైదరాబాద్ షాపులో గట్టి కాయ కొని, ఆ పూటే కోసి, చప్పగా ఉందని పారేసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. అరటిపండుతో కలిపి కాగితంలో చుట్టి ఉంచాలి. తొడిమ దగ్గర నొక్కితే కాస్త లొంగాలి. రంగును నమ్మొద్దు. 1935లో కాలిఫోర్నియా పోస్ట్‌మ్యాన్ రుడాల్ఫ్ హాస్ పేటెంట్ పొందిన రకం పండితే నల్లబడుతుంది, చాలా రకాలు పండినా పచ్చగానే ఉంటాయి.

సీతాఫలానిది చక్కెర బలం. అవకాడోలో 100 గ్రాములకు దాదాపు 15 గ్రాముల కొవ్వు, అందులో ఎక్కువ భాగం పల్లినూనెలోనూ ఉండే ఒలీక్ ఆమ్లమే. పీచూ బాగా ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే చేదెక్కుతుంది కనుక పండాక ఉడికించకుండానే తినాలి. రోట్లో పచ్చిమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు నూరి, చివర్న గుజ్జు వేసి నిమ్మకాయ పిండితే, జొన్నరొట్టెకు ఇంతకంటే మంచి జోడీ ఉండదంటాను. ఆ నిమ్మరసంతో గుజ్జు తొందరగా నల్లబడదు కూడా.

మరి ఇక్కడ వేయొచ్చా? నేలను చూడాలి. తాండూరు నల్లరేగడిలో, అడుగున నాపరాయి ఉన్నచోట వాననీరు నిలిస్తే అవకాడో వేరు కుళ్ళుతుంది. ఆ నేల కందిది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వికారాబాద్ వైపు ఎర్రనేలల్లో, వాలు ఉన్నచోట నీరు జారిపోతుంది, కాని ఎండాకాలం లేతమొక్కకు నీడా, తడీ తప్పవు. అంత పెట్టుబడికి ముందు, గుట్టల్లో ఎవరూ నాటకుండానే కాసే సీతాఫలానికి గిట్టుబాటు ధర రావాలి. గింజ పగలకుండా గుజ్జు తీసి చల్లగా నిల్వచేసే వసతి వికారాబాద్‌లోనే ఉండాలి, ఏరి తెచ్చే ఆ ఆడవాళ్ళకు అందులో వాటా ఉండాలి.